ఎండల్లో తడిమట్టి వాసన

ఎండాకాలంలో తియ్యటి వాసన ఉన్న కొవ్వొత్తులు ఇంట్లో వెలిగించకండి. మల్లె, గులాబీ అసలే వద్దు, తల పగిలిపోతుంది. ఎండలకు వట్టివేరు. వానలకు తడిమట్టి. చలికి లవంగం, దాల్చినచెక్క. శివరాత్రి దాటి చెట్లు ఆకు రాల్చాక ఇప్పపువ్వు. ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు. మా ఆడవాళ్ల పొదుపు సంఘాన్ని ఇక్కడ బచత్ గట్ అంటారు. వాళ్లు మైనం కరిగించడం, వత్తి నిలబెట్టడం చెప్పించారు, అంతే. ఏ కాలానికి ఏ వాసనో నా ముక్కే చెప్పింది.

"కరెంటు పోతే ముట్టిచ్చేదానికి సెంటెందుకే సారక్కా?" అని మా సాస్తి బొగ్గుగని కాలనీలో అందరూ నవ్వేవారు. నవ్వుకోండి అన్నాను. ఇప్పుడు చంద్రపూర్‌లో రామనాథం సేటు దుకాణంలో నా కొవ్వొత్తులకంటూ ఒక అర ఉంది.

ఈ పనిలో ఒక చిక్కుంది. గాజు గ్లాసులో పోసిన మైనానికి వాసన బాగా పట్టాలంటే రెండు వారాలు కదలకుండా ఉంచాలి. అందుకని ఎప్పుడూ ఒక కాలం ముందే ఉండాలి. వానాకాలపు సరుకు మే నెలలోనే పోయాలి. బయట నిప్పులు చెరుగుతుంటే మా ఇంట్లో తొలకరి వాసన వేస్తుంది.

అది రెండువేల పద్నాలుగు, కొత్త రాష్ట్రం రాబోతున్న మే నెల. సరిహద్దుకు అవతల ఆసిఫాబాద్ నుంచి మా అన్న పోచన్న రోజూ ఫోన్ చేసేవాడు.

"మన రాష్ట్రం మనకు అస్తున్నది చెల్లే. ఆడ ఒక్కదానివి ఏం జేస్తవ్? ముసలిదాన్ని తోల్కొని అచ్చెయ్యి."

"రాష్ట్రం అస్తే రానియ్యే అన్నా. నేను మాత్రం రాను. నా ఇల్లు ఈడుంది, నా పని ఈడుంది."

ముసలిది అంటే మా అత్త సాయమ్మ. ఆమె కొడుకు రాజలింగు నా మొగుడు. గనిలో డంపర్ లారీ నడిపేవాడు. తాగేవాడు, కొట్టేవాడు. మూడేళ్ల కింద తొలివాన పడ్డనాడు నా తలను గోడకేసి కొట్టి, గంబూట్లతోనే బండెక్కి పోయాడు. వాగు పొంగి ఉంది. బండి దొరికింది కాని మనిషి దొరకలేదు. నేను ఏడవలేదు. ఏడవలేదని కాలనీ అంతా చెవులు కొరుక్కుంది. కొరుక్కోనీ.

అత్త కూడా నోరు విప్పి ఏమీ అనలేదు. కాని ఏటా తొలివాన రాత్రి తన మంచాన్ని తలుపుకు అడ్డంగా లాక్కుని, తెల్లవార్లూ దాని మీదే కూర్చునేది. కన్నకడుపు కదా, కొడుకు వస్తాడని ఎదురుచూస్తుందనుకునేదాన్ని. జాలి వేసేది. ఒక్కోసారి ఒళ్లు మండేది కూడా.

తడిమట్టి సరుకు పోయడం నాకు ఆ ఏడే మొదలు. రామనాథం సేటు తొందర పడ్డాడు. వానసరుకు ముందే అరలో కనపడాలట. ఒకరోజు పొద్దున్నే పెట్టెలన్నీ బస్సులో వేసి పంపించాను. మామూలుగా పంపే ముందే ఒకటి వెలిగించి చూస్తాను. ఈసారి ఆయన ఊపిరి తీసుకోనివ్వలేదు. మిగిలిన ఒక్కదాన్ని మధ్యాహ్నం చూద్దామని పక్కన పెట్టాను.

చూడటానికి ఒక పద్ధతి ఉంది. తలుపులు, కిటికీలు మూయాలి, కూలర్ ఆపాలి. గాలి ఆడితే వాసన సంగతి తెలియదు.

చంద్రపూర్ ఎండలు తెలిసినవాళ్లకు మా మధ్యాహ్నాల గురించి చెప్పక్కర్లేదు. వీధిలో కాకి కూడా ఉండదు. కుక్కలు లారీల కింద దూరి పడుకుంటాయి. రేకుల పైకప్పు ఉండుండి టిక్కుమంటుంది. కిటికీలకు గోనెపట్టాలు కట్టి ఉన్నాయి కాబట్టి లోపల చీకటి. అత్త మంచం మీద కునుకు తీస్తోంది. నేను కొవ్వొత్తి ముట్టించాను.

వాసన మెల్లగా లేచింది. మొదటి చినుకు పడ్డ దుమ్ము వాసన. బాగా కుదిరింది అనుకున్నాను. తర్వాత దాని అడుగున ఇంకేదో తగిలింది. నేను వేయనిది. బొగ్గు... డీజిల్... పులిసిన సారా.

తలుపు కింది సందులోంచి చల్లటి గాలి వస్తోంది. ఆ ఎండలో.

బుడుక్... బుడుక్...

నీళ్లు నిండిన గంబూట్లతో ఎవరో నడుస్తున్నారు. గల్లీ చివర మొదలైంది. దగ్గరకొచ్చింది. మా గడప ముందు ఆగింది.

అరచేత్తో తలుపు మీద చరిచిన చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. ఏళ్ల తరబడి ఆ చప్పుడుకు లేచి తలుపు తీశాను.

"సారక్కా... వాన పడ్తున్నది... తలుపు తియ్యి..."

గోనెపట్టా అంచు తప్పించి చూశాను. కళ్లు చెదిరే ఎండ. తెల్లటి రోడ్డు. మనిషి జాడ లేదు. మా గడప మాత్రం తడిసి నల్లగా ఉంది.

వెనక మంచం కిర్రుమంది. అత్త లేచింది. తలుపు వైపే వస్తోంది. ఈమె తీసేస్తుంది. కొడుకు గొంతు విన్నది, ఇక ఎవరు చెప్పినా ఆగదు.

"అత్తా... వద్దు... నీ కాళ్లు మొక్కుత."

ఆమె నన్ను పక్కకు నెట్టింది. మంచాన్ని బరబరా ఈడ్చి తలుపుకు అడ్డంగా వేసి, దాని మీద కూర్చుంది.

"తియ్య," అంది గుసగుసగా. "ఏడాదికొకపారి అస్తడు. తొలివాననాడు. తెల్లారేదాంక కొట్టి కొట్టి పోతడు. నీకు చెప్పలే."

"మూడేండ్ల సంది... ఒక్కపారి గూడ తియ్యలేదా?"

"నేనే కన్న. ఐతేంది? నీ తల గోడకు కొట్టిననాడు నేను గీడనే కూసున్న. అడ్డం పడలే. ఇప్పుడు పడ్త."

ఏడుపొచ్చింది నాకు. మూడేళ్లలో మొదటిసారి. కాని ఏడవడానికి అది సమయం కాదు. గడియ వంగుతోంది.

"వాన ఇంక రాలే కదనే," అంది అత్త. "ఈ వాసనకు మోసపోయిండు. ఆర్పు."

ఆర్పాను. పొగ లేచింది. ఆర్పిన వత్తి వాసన మరీ చిక్కగా ఉంటుంది. గది నిండా తొలకరే. అది పోవాలంటే తలుపు తీయాలి. తలుపు అవతల వాడు...

"తియ్యి... సల్లవెడ్తున్నది... తియ్యి..."

మంచం ఒక జానెడు వెనక్కి జరిగింది. అత్త కాళ్లు నేలకు తన్నిపట్టింది.

అప్పుడు నాకు ఒళ్లు మండింది. నిజంగా మండింది. నా ఇంట్లో, నా కొవ్వొత్తికి, నన్నే బెదిరించడానికి వచ్చాడా? వాసనతో వచ్చినవాడు వాసనతోనే పోతాడు. అటక మీద పోయిన చలికాలం మిగిలిన లవంగం కొవ్వొత్తులు ఉన్నాయి. అన్నీ దించాను. తొందరలో అగ్గిపుల్లలు విరిగాయి. అయినా ఒక్కొక్కటే ముట్టించి గడప పొడవునా పేర్చాను.

"వాన అయిపోయింది! సలికాలమచ్చింది! నువ్వు బతికున్నప్పుడు తియ్యమంటే తీసిన. ఇప్పుడు తియ్య! పో!"

వాడి మీద నేను గొంతెత్తడం అదే మొదలు. లవంగం ఘాటు గదంతా పరుచుకుంది. అవతల చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికి... బుడుక్... బుడుక్... అడుగులు గల్లీ చివరికి పోయాయి.

పొద్దు గూకాక తలుపు తీశాం. గడప మీద బొగ్గుబురద అడుగులు ఇంకా తడిగానే ఉన్నాయి. అత్త వాటి మీద పొయ్యిలోని బూడిద పోసి, చీపురుతో ఊడ్చేసింది.

వెంటనే రామనాథం సేటుకు ఫోన్ చేశాను, వానసరుకు తిప్పి పంపమని. వచ్చింది వచ్చినట్టే పోయిందన్నాడు. చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా, ఎక్కడెక్కడివాళ్లో కొనుక్కుపోయారట. రెండు రోజులకు ఆయనే ఫోన్ చేశాడు.

"వాసన మస్తున్నదంటున్నరు సారక్కా. ఒక్కటే... ముట్టిచ్చినోళ్ల ఇండ్లకు ఎవడో అచ్చి తలుపు కొడ్తుండట. తీస్తే ఎవ్వలుండరట. మొన్న మా గల్లీల, నిన్న బల్లార్‌పూర్‌ల. పొద్దుగాల రాజురా నుంచి గూడ ఒకామె ఫోన్ జేసింది."

రాజురా దాటితే మేమే.

"ఏమంటుండట సేట్?"

ఆయన గొంతు తగ్గించాడు.

"తలుపుకు అడ్డం మంచమేసే ఇల్లు యాడుందని అడుగుతుండట."

లవంగం ఘాటుకు ఇంటి దారి తప్పి వెతుక్కుంటున్నాడని, ఫోన్ పెట్టేసి అత్తకు చెప్పాను. ఆసిఫాబాద్ పోదామా అని కూడా అడిగాను. ఆమె కోసమే అడిగాను, నాకు మాత్రం పోవాలని లేదు.

"మనమెందుకు పోతమే? పోయేటోడు వాడు," అంది. పళ్లు లేని నోటితో నవ్వింది. "నా ఒక్కదాని మంచం జరుగుతున్నది గని, రెండు మంచాలేస్తే ఎట్ల జరుపుతడో సూద్దాం. నీది గూడ గుంజు."

నేనూ నవ్వాను. లవంగం నూనె ఇంట్లో బోలెడుంది. మైనం ఉంది. ఈ వానాకాలమంతా మా ఇంట్లో చలికాలమే. రానీ, ఎన్నిసార్లు వస్తాడో రానీ. కొంగు నడుముకు చుట్టి, పొద్దున్నుంచి తెరిచే ఉన్న తలుపు మూసి, గోడవారగా ఉన్న నా మంచాన్ని పట్టుకుని లాగాను.

దాని కింద నేల తడిగా ఉంది. రెండు గంబూట్ల అచ్చులు, పక్కపక్కన. బొగ్గుబురద ఇంకా ఆరలేదు.