పట్టీకి రెండో వైపు

“తెల్లది వద్దు.”

ఇర్యాతో నేనన్న మొదటి మాట అదే. ఫిన్లాండ్‌లో మా హామె ప్రాంతం వాళ్ళకి నోరు పెగలడమే అపురూపం. ఆ పెగిలింది కాస్తా ఇలా పెగిలింది.

ఆమె స్టేజి మధ్యలో ఆగి, నడుం మీద చెయ్యి వేసింది. “ఏం, కళ్ళు నొప్పులా?”

“కెమెరాకి.”

“విన్నారా అమ్మాయిలూ! ఈ పెట్టెకి నా జాకెట్టు నచ్చలేదట. మా అమ్మ కుట్టింది బాబూ ఇది. మీ పెట్టెని వేరే అమ్మాయిని చూసుకోమనండి!”

అమ్మాయిలంతా పకపకా నవ్వారు. నా చెవులు ఎర్రబడ్డాయి.

దేశంలోకి టీవీ కొత్తగా వచ్చిన రోజులు. ఫిన్లాండ్ సుందరి పోటీని ఆ చలికాలమే మొదటిసారి టీవీలో చూపిస్తున్నాం. ఉన్న రెండు కెమెరాల్లో ఒకటి నాది. అప్పటి కెమెరాలకి తెలుపు పడేది కాదు. తెల్లగుడ్డ కనపడితే చాలు, తెర మీద వెలుగు చిందరవందరగా అలుక్కుపోయేది. అమ్మాయిలు భుజం మీదుగా వేసుకున్న తెల్ల పట్టీల మీద వాళ్ళ వాళ్ళ ప్రాంతాల పేర్లు ఉన్నాయి. రిహార్సల్లో ఒక్క అక్షరం కనపడితే ఒట్టు. దానికి మా దగ్గర ఒకటే మందు. పల్చటి కాఫీలో ముంచి ఆరేస్తే తెర మీద చక్కటి తెలుపొస్తుంది.

“కాఫీలోనా?” పట్టీ ఇస్తూ గుండెల మీద చెయ్యి వేసుకుంది ఇర్యా. “తాగేదాన్ని పాడుచేస్తారా? మా అమ్మ చూసిందంటే ముందు మిమ్మల్ని ముంచి ఆరేస్తుంది.”

“మిగిలిపోయిన కాఫీ.”

“అబ్బో, ఇంకో మాట! ఇవాళ మంచు గట్టిగా కురుస్తుంది చూడండి.”

ఆమె తూర్పు సరిహద్దులోని కరేలియా పిల్ల. వాళ్ళు ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా మాట్లాడతారు. పుట్టింది లడోగ సరస్సు ఒడ్డున, సోర్తవలలో. యుద్ధంలో తూర్పు పొరుగుదేశం వాళ్ళు లాక్కుని తమలో కలిపేసుకున్న ఊరది. అక్కడినుంచి వేలమంది కట్టుబట్టలతో వచ్చేశారు. వీళ్ళ కుటుంబాన్ని మా హామె ప్రాంతంలో, తంపెరెలో దింపారు. అందుకని ఆమె పట్టీ మీద ‘హామె’ అని రాశారు.

“నేను హామె పిల్లనట! పొద్దుటినుంచి నేను మాట్లాడింది మీ ప్రాంతం మొత్తానికి ఏడాది సరుకు కాదూ?”

నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. పోటీ నడిపే లిండ్రూస్ గారు అటుగా వస్తున్నారు. ఆమె వదిలిపెట్టే రకమా?

“సార్, సోర్తవల అని రాయించండి. ఇంకోసారి అడుగుతున్నాను.”

“పొరుగువాళ్ళ రాయబారి గారు చూస్తారమ్మా. గొడవలెందుకు? అయినా లేని ఊరి పేరు దేనికి?”

“లేకపోవడమేమిటండీ? ఊరు ఉన్నచోటే ఉంది. మేమే అక్కడ లేము!”

“ఆ పేరు మళ్ళీ ఎత్తావంటే ఇంటికి రైలెక్కిస్తాను,” అని వెళ్ళిపోయారాయన.

స్టేజి వెనక వంటగదిలో గిన్నె ముందేసుకుని పట్టీలు ముంచుతున్నాను. ఇర్యాది తిరగేశాను. రెండో వైపు నల్లదారంతో కుట్టిన పెద్ద పెద్ద అక్షరాలు: సోర్తవల.

అప్పుడే ఇర్యా రొప్పుతూ లోపలికొచ్చింది. “చూశారా?”

తలూపాను.

“మా అమ్మ తంపెరెలో రేడియో దుకాణం అద్దంలో పెట్టిన టీవీ ముందు నిలబడి చూస్తుంది. ఏ ఊరమ్మా అంటే ‘అక్కడిదాన్ని’ అంటుంది తల దించుకుని. ఊరి పేరు కూడా పైకి అనదు, ఏదో దొంగసొత్తు దాచినట్టు. దేశమంతా చూస్తుండగా ఆ పేరు ఒక్కసారి కనపడాలి. కిరీటం ఎవడిక్కావాలి?” ఒక అడుగు ముందుకు వేసింది. “లిండ్రూస్‌కి చెప్పేస్తావా?”

మీరు పోయి నువ్వు వచ్చేసింది. మా దేశంలో నువ్వు అనాలంటే ముందు చేతులు కలిపి ఒప్పుకోవాలి. ఆమె ఏ ఒప్పందమూ అడగలేదు.

చెప్పను అనాలని నా ప్రాణం కొట్టుకుంది. మాట గొంతుదాకా వచ్చింది. కోపంతో మెరుస్తున్న ఆ తడికళ్ళు చూసి అక్కడే ఆగిపోయింది.

“అర్థమైంది. పో, చెప్పుకో! ఈ బల్ల నయం నీకంటే, కొడితే చప్పుడైనా చేస్తుంది.”

తలుపు ధడాలున పడింది. నేను ఆమె పట్టీని ఇంకోసారి కాఫీలో ముంచాను, నల్లదారం బాగా తేలాలని. లిండ్రూస్ గారికి ‘హామె’ మాత్రమే కనపడేలా పొయ్యి పక్కన ఆరేశాను.

ప్రసారం మొదలైంది. ఇర్యా వంతు వచ్చేసరికి రెండో కెమెరా వేడెక్కి పడకేసింది. మిగిలింది నాదే.

“మీది ఏ ఊరు?” అడిగాడు వ్యాఖ్యాత.

ఇర్యా పట్టీ తీసింది. తిరగేసి మళ్ళీ వేసుకుంది. “సోర్తవల. లడోగ ఒడ్డున.”

నా హెడ్‌ఫోన్లో డైరెక్టర్ గారి గావుకేక. “కెమెరా తిప్పు! పూలకుండీ చూపించు! యల్మరీ, వినపడుతోందా?”

బాగానే వినపడుతోంది. ఆమె గడ్డం పైకెత్తి సూటిగా నా కెమెరాలోకే చూస్తోంది. నేను తిప్పేస్తాననే అనుకుంటోంది.

హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకున్నాను. కెమెరాని ముందుకి తోశాను. సోర్తవల తప్ప తెర మీద ఇంకేమీ కనపడనంత దగ్గరికి తోశాను. హాల్లో వెనకెక్కడో ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. తర్వాత ఆయన పక్కావిడ. తర్వాత వరసలకి వరసలు.

కిరీటం వేరే అమ్మాయికి వెళ్ళింది. నా కెమెరా ఊడింది, కేబుళ్ళు చుట్టే పనిలో వేశారు. ఆ ఆదివారం తంపెరె రైలెక్కాను.

తలుపు తీసింది వాళ్ళమ్మ. చేతులనిండా పిండి. నన్ను ఎగాదిగా చూసింది.

“ఊరి పేరు దగ్గరికి తెచ్చింది నువ్వేనా నాయనా?”

తలూపాను.

“దుకాణం ముందు మంచులో నిలబడ్డవాళ్ళంతా పైకి చదివారు. నేనూ చదివాను, గట్టిగా.” చేతిగుడ్డతో మొహమంతా తుడుచుకుంది. “లోపలికి రా. రొట్టెలు వేడిగా ఉన్నాయి.”

ఇర్యా బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. “ఇంతదూరం ఏం చెబుదామని?”

“చెప్పను.”

“ఏమిటి చెప్పవు?”

“లిండ్రూస్‌కి. చెప్పను.”

ఒక్క క్షణం ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. “అమ్మా! వంటగదిలో అడిగానే, దానికి జవాబు! ఇప్పటికి వచ్చింది!”

“రైల్లో తెచ్చాడుగా, చల్లారిపోయుంటుంది,” అంది వాళ్ళమ్మ.

ఇర్యా నవ్వు ఆపి నా వైపు చూసింది. “మరి నన్ను పెళ్ళి చేసుకుంటావా అంటే, ఎన్నేళ్ళు ఆగాలి...”

“చేసుకుంటాను.”

మాట పూర్తి కానివ్వలేదు. నాకే ఆశ్చర్యం వేసింది.

“వీడు హామె వాడేమిటే!” అంది వాళ్ళమ్మ, కాఫీ పొయ్యడం మరిచిపోయి.

ఇర్యా లేచింది. గోడకి వేలాడుతున్న కాఫీరంగు పట్టీ తీసి నా భుజం మీదుగా వేసింది, సోర్తవల పైకి కనపడేలా.