ధ్రువీకరించని నివేదిక

మూడో వాంగ్మూలం కూడా చేతిలోని తెరపలక మీదికి ఎక్కింది. ముద్దాయి నిలకడ అంకె ముప్పై నాలుగు నుంచి ముప్పై మూడుకు దిగింది. హైమవతి తాడు విప్పి, మోటారు వేసి, మధ్యాహ్నంలోగా ముగించాల్సిన నాలుగో చిరునామా వైపు పడవ తిప్పింది.

సముద్రం లంకల్లోకి వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. ఇక్కడివాళ్ళకి ఆ వారం పడవ కట్టుకున్న గుంజ నంబరే చిరునామా. హైమవతి దివిగట్టు సెషన్స్ కోర్టులో వేరుపరిశీలకురాలు. బెయిలు అడిగిన ముద్దాయికి ఈ ప్రాంతంలో ఎన్ని వేళ్ళున్నాయో కొలిచి తేవడం ఆమె పని. ఇల్లు, కొలువు, చుట్టాలు, ఏడాది కదలికలు అన్నీ అందిస్తే పలకలోని తూనిక అనే లెక్కయంత్రం ఈ నిలకడ అంకె చెబుతుంది. హత్యలాంటి నేరాలకు అది అరవై దాటాలి. దాటితే బెయిలు, లేకపోతే లేదు. ఏదైనా సరే, జడ్జిగారి వేలిముద్ర పడడానికి పదకొండు సెకన్లు చాలు.

ఈ ముద్దాయి పేరు నాంచారయ్య. వలల దగ్గర తగాదా పడి తోటి జాలరి ఏసోబును నీళ్ళలోకి తోసి చంపాడని అభియోగం. పడవ ఒరిగిందే తప్ప తాను తోయలేదని అతని మాట. చూసినవాళ్ళు లేరు. విచారణ తేదీ ఇంకా రెండేళ్ళ దూరంలో ఉంది. జైలుకెళ్ళి పద్నాలుగు నెలలయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని జైలు డాక్టరు రాసిన కాగితం ఫైల్లో ఉంది కానీ, దాన్ని కొలిచే గడి తూనికలో లేదు.

నాలుగో పడవలో ఏసోబు భార్య సువార్తమ్మ రొయ్యలు వలుస్తోంది. హైమవతి నమస్కారం పెట్టి, ఆమె మణికట్టుకు భయపట్టీ చుట్టింది.

"అవుననో కాదనో చెప్తే చాలండి. నాంచారయ్య బయటికొస్తే మీకు భయమా?"

"కాదు. ఆణ్ణి రానివ్వండి."

పట్టీ ఎర్రబడింది. తొంభై ఒకటి.

"భయమనే చూపిస్తోందండీ."

"భయమేంటి మేడంగారూ, కోపం! ఆడి పేరెత్తితే నా ఒళ్ళు మండుద్ది. నీ పట్టీకి ఆ రెంటికీ తేడా తెల్దా?"

తెలియదు. ఆ సంగతి హైమవతికి తొమ్మిదేళ్ళుగా తెలుసు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"అంత కోపముంటే మరి రానివ్వమంటారేం?"

సువార్తమ్మ చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది. "ఆ రోజు పడవలో ఇద్దరే. ఒకడు పోయాడు. జరిగింది చెప్పగలిగినోడు ఇంకొకడు. జైల్లో దగ్గి దగ్గి ఆడూ పోతే, నా మొగుడెట్టా చచ్చిపోయాడో నాకెవరు చెప్తారు? ఆడు బతకాల. కోర్టులో నిలబడి నా మొకం చూసి చెప్పాల."

"పారిపోతే? పట్టుబడే ముందు ఏడాదిలో ఇరవై రెండు చోట్లు మారాడు."

"చేప ఎటు పోతే అటు పడవ తిప్పుకోవాలిగా! నేనూ ఇరవై చోట్లు మారా. నేనూ పారిపోతన్నట్టేనా?"

హైమవతి ఆమె మణికట్టు నుంచి పట్టీ విప్పింది. "ఈ మాట కోర్టులో చెప్తారా?"

"పిలిస్తేగా చెప్పేది."

తిరుగు దారిలో పలక అడిగింది: కొలతలు సరైనవని ధ్రువీకరిస్తున్నారా? అవును, కాదు. పరిశీలకులు 'కాదు' అంటే తూనిక ఆగిపోవాలనీ, జడ్జి స్వయంగా వినాలనీ పదిహేడో నిబంధన. శిక్షణలో అందరూ చదివిందే. ఎవరూ వాడింది లేదు. హైమవతి ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేది. ఎన్ని నివేదికలు ఆపారన్నదే ఆ పొడిగింపు దరఖాస్తులో మొదటి ప్రశ్న.

మోటారు ఆపేసింది. పడవ నీళ్ళ మీద నెమ్మదిగా తిరుగుతోంది. 'కాదు' నొక్కి, కారణం రాసింది: "పట్టీ కోపాన్ని భయంగా కొలిచింది. తూనిక బతుకుతెరువును పరారీగా లెక్కగట్టింది. మృతుని భార్య స్వయంగా మాట్లాడతానంటున్నారు."

నాలుగో రోజున, ఏళ్ళ తరబడి మూసి ఉన్న కోర్టు హాలు తెరిచారు. హైమవతి సంచిలో ఆ ఉదయమే అందిన సంజాయిషీ నోటీసు ఉంది.

"అంకె లేకుండా ఎలాగండీ?" ప్రభుత్వ న్యాయవాది అభ్యంతరం చెప్పాడు.

"అంకెలు రాకముందు కూడా బెయిళ్ళు ఇచ్చేవారండీ," అంది జడ్జి రుక్సానా. "కూర్చోండి, విందాం."

నలభై నిమిషాలు విన్నది. డాక్టరు కాగితం రెండుసార్లు చదివింది. సువార్తమ్మ మాట్లాడుతున్నంతసేపూ కలం ముట్టలేదు. చివరికి ఉత్తర్వు చెప్పింది: బెయిలు మంజూరు. ముందు ఆసుపత్రిలో వైద్యం, వారం వారం స్టేషన్లో సంతకం, సువార్తమ్మ పడవ దరిదాపులకు పోకూడదు, విచారణ ఆరు వారాల్లో మొదలవ్వాలి.

నాంచారయ్య దగ్గు ఆపుకుంటూ సువార్తమ్మకు చేతులెత్తి మొక్కాడు. ఆమె మొక్కు అందుకోలేదు.

"తేదీ నాటికి రా," అంది.

"వస్తానక్కా."

హైమవతి లేవబోతుంటే బెంచి క్లర్కు జడ్జి వైపు వంగాడు. "మేడం, ఈ సంగతి తెలిసి నిన్నట్నుంచి ఇంకో పద్నాలుగు నివేదికలు ఆగాయండి. వేరే పరిశీలకులవి. ఎవరూ ధ్రువీకరించలేదు."

జడ్జి కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"మొదటివాళ్ళని పిలవండి."

హైమవతి మళ్ళీ కూర్చుంది.