ఆరు గళ్ళ కార్డు

శనివారం పొద్దున్నే టార్చిలైటు పట్టుకుని ఊళ్ళోవాళ్ళ స్నానాల గదుల్లో దూరడం కూడా డిగ్రీ చదువేనంటే సెకార్ వాళ్ళ నాన్న మూడేళ్ళయినా నమ్మలేదు. "ప్రజారోగ్యం అంటే సూదిమందు వేస్తావనుకున్నానే! తొట్లలోకి తొంగిచూడ్డానికా ఇంత ఖర్చు పెట్టింది?" అని వేళాకోళం చేసేవాడు.

మొదట్లో సెకార్‌కి రోషం వచ్చేది. డెంగ్యూ దోమ మురుగ్గుంటలో కాదు, మనం తాగే మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుందని, చీకట్లో కాదు పట్టపగలే కుడుతుందని గుక్క తిప్పుకోకుండా చెప్పేది. పర్యావరణ ఆరోగ్యం చదివినవాళ్ళు లేకపోతే డాక్టర్లు ఎంతమంది ఉండీ ఏం లాభం అని వాదించేది. ఆఖరి సంవత్సరానికి వచ్చేసరికి ఆ రోషం కాస్తా ఆవిరైపోయింది. డిగ్రీ చేతికొస్తే చాలు, ఈ తొట్ల పీడ విరగడవుతుందనుకుంది.

ఇండోనేషియాలో సెమరాంగ్ నగరానికి ఉత్తరాన, సముద్రాన్ని ఆనుకుని, చేపలకి పొగబెట్టేవాళ్ళ పేట ఉంది. అందులో ఒక సందు సెకార్ వంతుకొచ్చింది. ముప్ఫై ఇళ్ళు, ఆరు వారాలు. ప్రతి శనివారం ప్రతి ఇంటికీ వెళ్ళి, స్నానాల గదిలోని నీళ్ళ తొట్టి మూత తీసి, టార్చి వేసి, దోమ పురుగులున్నాయో లేవో చూడాలి. తొట్టి పక్కన మేకుకి అట్ట కార్డు ఒకటి వేలాడుతుంటుంది. దానిమీద ఆరు గళ్ళు. పురుగులుంటే కూడిక గుర్తు, లేకపోతే అడ్డగీత, కింద సంతకం. అదే తన ఫారంలోనూ రాసుకోవాలి. ఇంతే పని. ఇంత చిన్న పనిలో కూడా మోసం చెయ్యొచ్చని చదువుకున్నవాళ్ళకే తడుతుంది.

ముప్ఫయ్యో ఇల్లు సందు చివర. సముద్రం పోటెక్కితే అక్కడికి మోకాలి లోతు నల్లనీళ్ళలో నడవాలి, పైన చేప పొలుసులు తేలుతుంటాయి. మొదటి శనివారం సెకార్ ముక్కు మూసుకుని ఎలాగో వెళ్ళింది. ఏడేళ్ళ పిల్ల తలుపు తీసింది. పేరు గెందిస్. అమ్మ చేపల పనికి పోయిందట, నాన్న పడవ మీద ఉన్నాడట.

"టార్చి నేను పడతానక్కా!" అని చేతిలోంచి లాక్కుంది పిల్ల.

సెకార్ మేకుకి కార్డు తగిలించి, తొట్టి మూత మీద చెయ్యి వేసిందో లేదో, బయట్నుంచి రత్రి కేకేసింది. రత్రి ఆమె స్నేహితురాలు, పక్క సందు ఆమెది. "రావే బాబూ! నీళ్ళు నడుం దాకా వచ్చేలా ఉన్నాయి!"

"వచ్చే శనివారం చూస్తాలే," అంది సెకార్ పిల్లతో.

"నిజంగా వస్తావా?"

"వస్తానన్నాగా."

పిల్ల టార్చి తిరిగిచ్చేసింది. సెకార్ మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

వెళ్ళకుండానే గదిలో కూర్చుని ఫారాలు నింపడాన్ని వాళ్ళ బ్యాచ్‌లో 'తుపాకీ పేల్చడం' అంటారు. ప్రతి శనివారం మధ్యాహ్నం నూడుల్స్ తింటూ సెకార్ ముప్ఫయ్యో ఇంటికి తుపాకీ పేల్చేది. అడ్డగీత. అడ్డగీత. మళ్ళీ అడ్డగీత.

"ఒక్క ఇల్లేగా, కొంప మునుగుతుందా?" అనేది రత్రి.

మునిగింది. మిగతా ఇరవై తొమ్మిదింట్లో ఒక్క ఇంట పురుగులు దొరికాయి. నూటికి తొంభై ఐదు ఇళ్ళు శుభ్రంగా ఉంటే సందుకి పురుగుల్ని చంపే మందుపొడి అక్కర్లేదని నియమం. ఇంకొక్క ఇల్లు చెడ్డదని తేలినా లెక్క తొంభై ఐదుకి కిందికి పడేది, పొడి డబ్బాలు ఆ సందులోకి వచ్చేవి. సెకార్ గీసిన అడ్డగీత పుణ్యమా అని రాలేదు. పొడి పక్క పేటకి వెళ్ళిపోయింది.

ఆరు వారాలూ గడిచాయి. ఆ తర్వాత రెండో వారంలో హర్దొనో సారు పిలిచి, "అసలు కార్డులు ముప్ఫై కూడా రిపోర్టు వెనక కుట్టాలమ్మా. ఒక్కటి తగ్గినా సోమవారం వైవాకి కూర్చోనివ్వను," అన్నాడు. ముప్ఫయ్యో ఇంటి కార్డు తెచ్చుకుని, ఆరు గళ్ళూ దొంగతనంగా నింపుకోవడం తప్ప దారి లేదు. వైవా పోతే ఇంకో ఏడాది. ఇంకో ఏడాది చదివించే ఓపిక వాళ్ళ నాన్నకి లేదు.

గురువారం సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళింది. పోటు తీసేసింది. సందంతా కొబ్బరి చిప్పల పొగ, ఎండిన బురద వాసన. ముప్ఫయ్యో ఇంటి ముందు చాపలు పరిచి ఉన్నాయి. లోపల బియ్యప్పిండి అట్లు కాలుతున్న తియ్యటి వాసన వస్తోంది. పెళ్ళో పేరంటమో అనుకుని సెకార్ నవ్వు మొహంతో లోపలికి అడుగుపెట్టింది.

పొయ్యి ముందున్న ఆవిడ తలెత్తి చూసింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. సెకార్ మెళ్ళోని కాలేజీ కార్డు చూడగానే గబగబా లేచి వచ్చి రెండు చేతులూ పట్టేసుకుంది.

"నువ్వేనా తల్లీ? టార్చి అక్కవి? నేను లస్మినిని, గెందిస్ వాళ్ళమ్మని. ఇన్నాళ్ళకి కనిపించావు!"

"గెందిస్ లేదాండీ?"

లస్మిని మొహం ముడుచుకుపోయింది. "తెలీదా నీకు? పోయి ఇవాళ ఏడో రోజమ్మా. కళ్ళ వెనకాల నొప్పంది, జ్వరం అన్నారు, తగ్గింది అన్నారు, తగ్గిన మర్నాడే చేతులూ కాళ్ళూ చల్లబడిపోయాయి. డెంగ్యూ అని కాగితం మీద రాసిచ్చారు. చీకటి పడగానే అందరూ ప్రార్థనకి వస్తారు. కూర్చో, ఒక అట్టు తిను."

సెకార్ పొయ్యి పక్కన కూర్చుంది. చేతిలో పెట్టిన అట్టు వేడిగా ఉంది.

"నీ గురించే చెప్పేది ఎప్పుడూ," అంది లస్మిని, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "శనివారం నేను పని నుంచి రాగానే, 'అమ్మా, టార్చి అక్క వచ్చింది' అనేది. ఒక్క వారం కూడా మానలేదట కదా నువ్వు? పోటు నీళ్ళున్నా వచ్చావట. పాపం ఎప్పుడూ తడిసే ఉంటావట. మాట్లాడవట."

"నేను..." అని మొదలుపెట్టింది సెకార్.

"ఆరో శనివారం కూడా వచ్చావు కదా. 'అక్క ఇవాళ నా తల మీద చెయ్యి పెట్టిందమ్మా, చల్లగా ఉంది' అంది. ఆ సాయంత్రమే జ్వరం."

సెకార్ చేతిలోని అట్టు కింద పెట్టేసింది. పిల్లది ఊహ, ఒంటరిగా ఉండి కల్పించుకుంది అని తనకి తాను చెప్పుకుంది. కార్డు తీసుకుని బయటపడాలి. అంతే. "అమ్మా, ఆ కార్డు కావాలి. కాలేజీలో ఇవ్వాలి," అంది.

"తీసుకో తల్లీ. ఆ చేత్తోనే తొట్టి కూడా ఒకసారి చూసి చెప్పు." లస్మిని గొంతు తగ్గించింది. "వాళ్ళ నాన్న నన్ను చంపుకు తింటున్నాడు. తొట్టి కడగలేదు, నువ్వే బిడ్డని పొట్టన పెట్టుకున్నావు అంటాడు. నాకు కడిగే తీరికేదమ్మా... నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెబితే వింటాడు."

స్నానాల గది ఇంటి వెనక ఉంది. సముద్రానికి భయపడి ఏటేటా నేల ఎత్తు చేసుకుంటూ పోయారు, తలుపు దగ్గర బాగా వంగితే తప్ప లోపలికి పోలేం. ఒకటే చిన్న కిటికీ. అందులోంచి వచ్చే వెలుగు అప్పటికే పసుపు తిరుగుతోంది. దూరంగా ఎవరో తల్లి పిల్లల్ని ఇంట్లోకి పిలుస్తోంది, పొద్దు గుంకేవేళ బయట ఉండొద్దని.

మేకుకి కార్డు ఉంది. సెకార్ తీసి చూసింది.

ఆరు గళ్ళూ నిండి ఉన్నాయి.

ఆరు తేదీలు. ఆరు అడ్డగీతలు. ఆరు సంతకాలు. తన సంతకమే. చివర తోక కిందికి లాగి మళ్ళీ పైకి తిప్పడం తనకొక్కదానికే అలవాటు. ప్రతి దాంట్లోనూ ఆ తోక ఉంది. సిరా అక్కడక్కడా నీళ్ళు తగిలినట్టు అలుక్కుపోయింది.

నేను రాయలేదు... నేను రాలేదు... కార్డు తిప్పి వెనక కూడా చూసింది.

వెళ్ళిపోవాల్సింది అప్పుడే. కానీ మొదటి శనివారమే మూత తియ్యాల్సిన చెయ్యి ఇప్పుడు తనంతట తానే మూత మీదికి వెళ్ళింది. మూత తీసి టార్చి వేసింది.

నీళ్ళు కనిపించలేదు. అంతా పురుగులే. బొట్టు బొట్టునా మెలికలు తిరుగుతున్నాయి. వెలుగు పడగానే అన్నీ ఒక్కసారి కిందికి మునిగాయి. నీళ్ళు నల్లగా, నిశ్చలంగా తేటపడ్డాయి. అందులో తన మొహం కనిపించింది.

జుట్టు తడిసి బుగ్గలకి అంటుకుపోయి ఉంది.

సెకార్ తల తడుముకుంది. పొడిగా ఉంది... నీళ్ళలోని మొహం తల తడుముకోలేదు. అది సెకార్ వంకే చూస్తోంది.

అంతలో చేతిలో టార్చి బరువు తగ్గింది. ఎవరో కింద నుంచి పట్టుకున్నట్టు... చిన్న వేళ్ళు. చల్లగా. వెలుగు దానంతట అదే కదిలి తొట్టి మధ్యకి వచ్చి నిలబడింది.

మోచేతి దగ్గర గుసగుస.

"లేవని రాసెయ్యక్కా..."

సెకార్ టార్చి అక్కడే వదిలేసి పరిగెత్తింది. తల తలుపుకి కొట్టుకుంది, మోకాలు చెక్కుకుపోయింది. కార్డు మాత్రం వదల్లేదు. అంత భయంలోనూ కార్డు వదల్లేదు చూడండి, చదువు అలాంటిది.

గుమ్మంలో లస్మిని ఎదురు నిలబడింది. "చూశావా తల్లీ? ఏమైనా ఉన్నాయా?"

చెప్పాల్సింది చాలా ఉంది. ఉన్నాయమ్మా, కుప్పలు కుప్పలుగా ఉన్నాయి, నేను ఒక్కసారి మూత తీసి ఉంటే నీ పిల్ల బతికేదేమో, తప్పు నీది కాదు, నాది. ఇవన్నీ నాలుక చివరే ఉన్నాయి. సోమవారం వైవా కూడా అక్కడే ఉంది.

"లేవండీ," అంది సెకార్. "ఒక్కటి కూడా లేదు."

లస్మిని గోడకి ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత భోరుమంది. "దేవుడు నీకు మేలు చెయ్యాలి తల్లీ. నాది తప్పు కాదన్నమాట. అయితే బిడ్డ రాతే అంత." అట్లు నాలుగు అరిటాకులో చుట్టి బలవంతంగా చేతిలో పెట్టింది. ఆ తల్లి మనసు తేలికపడుతుందనే అబద్ధం ఆడానని సెకార్ బస్సులో తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది.

వైవా ఇరవై నిమిషాల్లో అయిపోయింది. హర్దొనో సారు కార్డులు తిరగేస్తూ ముప్ఫయ్యోదాని దగ్గర ఆగాడు. "చూశారా, తడిసింది కూడా. అంటే పోటు నీళ్ళలో దిగి వెళ్ళిందన్నమాట. ఈ రోజుల్లో ఇంత చిత్తశుద్ధి ఎవరికుంది?" అని మిగతా ఇద్దరు మాస్టార్లకీ చూపించాడు. అత్యుత్తమ శ్రేణి ఇచ్చారు. వాళ్ళ నాన్న ఫోన్లో ఏడ్చేశాడు. రత్రి, "చెప్పానా, కొంప మునగదని," అంటూ వీపు చరిచింది. పిల్ల సంగతి సెకార్ దానికి కూడా చెప్పలేదు.

ఆ శనివారం అద్దె గది ఖాళీ చేద్దామని సామాను సర్దుకుంటోంది. పొద్దున్నుంచీ కళ్ళ వెనకాల సన్నగా నొప్పి. ఎండకి అనుకుంది. బయటికెళ్ళి అట్టపెట్టెలు కొనుక్కొచ్చేసరికి ఇంటావిడ వాకిట్లో బియ్యం ఏరుకుంటోంది.

"నీకోసం ఓ చిన్నపిల్ల వచ్చి వెళ్ళిందమ్మాయ్. చేతిలో టార్చి ఉంది. నీ టార్చిలాగే ఉందే అనుకున్నా. తొట్టి చూడాలన్నట్టు సైగ చేసింది. మీ కాలేజీవాళ్ళే పిల్లల చేత కూడా చేయిస్తున్నారేమోనని లోపలికి పంపించా."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. మాట్లాడదు కాబోలు పాపం. ఒళ్ళంతా తడిసిపోయి ఉంది. వాన కూడా లేదు."

సెకార్ అట్టపెట్టెలు కింద పడేసి స్నానాల గదిలోకి వెళ్ళింది. తొట్టి మూత వేసే ఉంది. పక్కన గోడకి మేకు. ఆ గోడకి ఎప్పుడూ మేకు లేదు. మేకుకి కొత్త అట్ట కార్డు, దాని మీద సెకార్ పేరు వంకర అక్షరాల్లో పెన్సిల్‌తో రాసి ఉంది.

మొదటి గడిలో ఆ రోజు తేదీ వేసి, ఒక అడ్డగీత గీసి ఉంది. మిగతా అయిదు గళ్ళూ ఖాళీగా ఉన్నాయి.