గాలిపెట్టె చెప్పిన చాడీ

"స్విచ్ కట్టేశాం కదా అని చెయ్యి పెట్టకండమ్మా. లోపల కరెంటు కాసేపు నిలవుంటుంది," అన్నాడు గాలిపెట్టె చూడ్డానికొచ్చిన సైంటిస్టు డాక్టర్ నిరంజన్.

సువర్చల చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆవిడకి గాలిపెట్టె మీద అనుమానం లేదు. ఉన్నదల్లా, "ఏదో ఒకటి తేల్చండి సార్" అనేసి కిందికి వెళ్ళిపోయిన మొగుడు పాండురంగం మీదే.

ఆ కాలానికి బెజవాడలో కిటికీలు అందానికే మిగిలాయి. బయటి గాలి పీల్చదగ్గది కాదు గనక ఇంటింటికీ ఒక గాలిపెట్టె ఉండేది. లోపలి సన్నటి తీగలు ధూళికి విద్యుత్తు అంటిస్తే, వెనకున్న అల్యూమినియం పలకలు దాన్ని లాగి పట్టుకుంటాయి. ఇంతవరకూ పాత సంగతే. నిరంజన్ దానికి ఒక ఎలక్ట్రానిక్ ముక్కు తగిలించాడు. ఇంట్లో ఏ పొగ ఉందో వాసన చూసి అది తెర మీద పేరుతో సహా చూపిస్తుంది.

పాండురంగానికి ఒక ఊపిరితిత్తి తీసేశారు. ఇంకొక్క సిగరెట్టు ముట్టినా తమ పూచీ లేదన్నారు డాక్టర్లు. ఆయన పెళ్ళాం నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు. అయినా నెల్లాళ్ళుగా పెట్టె మీద ఎర్రలైటు, "సిగరెట్టు పొగ" అన్న అక్షరాలు! నిప్పు లేనిదే పొగ వస్తుందా? ఆవిడ ఆయన చొక్కాలు వాసన చూసింది, జేబులు తిరగేసింది. చివరికి మొహం పక్కకి తిప్పుకుని అన్నం వడ్డించే దాకా వచ్చింది. నేను కాదే మొర్రో అని ఆయన మొత్తుకున్నా వింటేనా!

"పలకలు కడుగుతున్నారా?" నిరంజన్ అడిగాడు.

"కడక్కేం బాబూ! శుక్రవారం శుక్రవారం వేన్నీళ్ళలో సబ్బుపొడి వేసి నానబెడతాను. తడుంటే చిటపటలాడుతుందన్నారుగా, పూర్తిగా ఆరాకే పెడతాను. గాలి ఎటు పోవాలో చూపించే బాణం గుర్తు కూడా చూసుకునే బిగిస్తాను. అయినా చిటపటలే."

నిరంజన్ పెట్టె తలుపు తీసి టార్చి వేశాడు. తీగల చట్రానికి నిండుగా పసుపు, పలక పలకకీ కుంకుమబొట్టు.

"ఇదేంటమ్మా?"

"కడిగాక బొట్టు పెట్టకుండా ఎట్లా వాడతారండీ? స్టవ్వుకీ గ్రైండరుకీ పెడతాను. మా ఆయన ప్రాణం కాపాడేదానికి పెట్టొద్దూ?"

నిరంజన్ నెత్తి కొట్టుకున్నాడు. "తీగలకి పసుపు అంటితే నిప్పురవ్వలు లేస్తాయమ్మా. పసుపు మాడుతోంది, అదే పొగ. తెలియని పొగ ఎదురైతే ఈ ముక్కు దగ్గర్లో ఉన్న పేరు అంటగట్టేస్తుంది. పసుపు వాసన నేర్పకపోవడం నా తప్పే."

అయితే ఆ మనిషి ముట్టుకోలేదన్నమాట! ఎన్నెన్ని మాటలంది! సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చి సువర్చల కళ్ళు తుడుచుకుంది.

ఇద్దరూ కలిసి పలకలూ తీగలూ కడిగి, ఫ్యాను కింద ఆరబెట్టి, ఎక్కడివక్కడ బిగించారు. స్విచ్ వేస్తే చప్పుడు లేదు. పచ్చలైటు వెలిగింది. ఇవాళ ఆయనకిష్టమైన గుత్తివంకాయ కూర చెయ్యాలనుకుంది సువర్చల.

అప్పుడే తలుపు తోసుకుని పాండురంగం లోపలికొచ్చాడు. పచ్చలైటు ఆరి ఎర్రలైటు వెలిగింది. తెర మీద మళ్ళీ అవే అక్షరాలు.

"ఎక్కడో ఇంకా పసుపు మిగిలినట్టుంది," అంటూ నిరంజన్ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

సువర్చల మొగుడి దగ్గరికి వెళ్ళి చొక్కా వాసన చూసింది. "కట్టెయ్యకండి బాబూ," అంది నెమ్మదిగా. "ఇప్పుడది నిజమే చెబుతోంది."

పాండురంగం దగ్గి, తల వంచుకున్నాడు. "ఇవాళే మొదటిది సువర్చలా. నెల్లాళ్ళు శిక్ష పడనే పడింది కదా, నేరం మాత్రం ఎందుకు మిగల్చాలనిపించింది."

ఆయన్ని తిట్టడానికి సువర్చల నోరు తెరిచింది. ఉన్న తిట్లన్నీ ఆయన తాగని రోజుల్లోనే తిట్టేసింది.