ఊపిరితో సహా

తన్మయి చరణం మధ్యలో ఆగిపోయి తంబూరా పక్కన పెట్టేసింది.

"మళ్ళీ ఇక్కడే ఊపిరి అందలేదు టీచర్. ఈ పాటకి నా గొంతు పనికిరాదు. పరీక్షకి వెళ్ళను."

విశాఖలో ఇందుమతికి మిగిలిన ఒకే ఒక శిష్యురాలు ఆ పిల్ల. లోకంలోని పాటలన్నీ 'నాదసాగరం'లో చేరిపోయిన కాలం అది. ఏ పాత రికార్డు అందులో చేరినా నాదశుద్ధి యంత్రం గరగరలు తీసేసి, శ్రుతి సరిచేసేది. గాయకుల ఊపిరి చప్పుడును కూడా లోపంగానే లెక్కగట్టి, ఆ ఖాళీని స్వరంతో అతికేసేది. రైల్లోనూ వంటింట్లోనూ చెవిలోని కర్ణికలో వినిపించేది ఆ మచ్చలేని పాటే. అది విని విని జనం నోరు విప్పి పాడటం మానేశారు.

"మా గురువుగారు అక్కడ ఊపిరి తీసుకునేవారమ్మా. పక్కన కూర్చుని విన్నదాన్ని," అంది ఇందుమతి.

"సాగరంలో మీ గురువు రత్నమాంబగారు ఆ చరణమంతా ఒక్క ఊపిరిలో పాడారు కదా. పరీక్షలో స్వరతుల యంత్రం దాంతోనే పోల్చి మార్కులేస్తుంది."

ఇందుమతి లేచి బీరువా తెరిచింది. గురువుగారి కచేరీ సీడీ పట్టుచీరల అడుగున ఉంది. దాన్ని భర్త కామేశం చేతిలో పెట్టింది.

ఆయన వెలుతురులో తిప్పి చూశాడు. "గీతలు పడ్డాయి. మామూలుగా కాపీ చేస్తే, చదవలేని చోట కంప్యూటరు అటూ ఇటూ ఉన్న ధ్వనిని బట్టి ఊహించి పూడ్చేస్తుంది."

"అలాగైతే సాగరానికీ మనకీ తేడా ఏముందండీ?"

"అందుకే ఊహించనివ్వను. ప్రతి ముక్కా మళ్ళీ మళ్ళీ చదివించి, అన్నిసార్లూ ఒకేలా వస్తేనే రాసుకోమంటాను."

కంప్యూటరు పాటను గుర్తుపట్టి సాగరంలోని ప్రతిని తెచ్చిపెట్టకుండా ముందు నెట్ తీసేశాడు. పాత డ్రైవు గుర్రుమంటూ తిరిగింది. సరిగ్గా ఆ చరణం దగ్గరే మొరాయించింది. కామేశం సీడీని బయటికి తీసి, మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచి, వేగం తగ్గించి మళ్ళీ పెట్టాడు. తన్మయి తెర మీంచి చూపు తిప్పలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి చివరి ముక్క కూడా కుదిరింది.

"అయినా నమ్మకూడదు," అన్నాడాయన. "ఒకే డ్రైవు ఒకే తప్పును పదేపదే చదవొచ్చు. ఇంకో సీడీ ఉంటే, రెండు ప్రతులకీ కంప్యూటరు లెక్కగట్టే అంకముద్రలు పోల్చుకోవచ్చు. పాటలో అణువంత తేడా ఉన్నా ముద్ర మారిపోతుంది."

గురువుగారికి మృదంగం వాయించిన అప్పలనర్సయ్య విజయనగరంలో ఉన్నాడు. ఆయన దగ్గరా అదే సీడీ ఉంది. ఇందుమతి ఫోన్ చేసి, ఏం చెయ్యాలో కామేశం చేత చెప్పించింది. సాయంత్రం ఆయనే తిరిగి ఫోన్ చేశాడు.

"నాకొచ్చిన ముద్ర సదువుతాను, నువ్వు సూసుకో అమ్మా."

ఆయన ఒక్కో అక్షరం చదువుతుంటే ఇందుమతి తెర మీద వేలితో వెంట వెళ్ళింది. చివరికంటా ఒక్కటీ తప్పలేదు.

"అదేనండీ. అచ్చంగా అదే," అంది.

పాట పెట్టారు. చరణం మధ్యలో రత్నమాంబ నిదానంగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. తన్మయి తంబూరా ఒళ్ళోకి తీసుకుంది.

మర్నాడు పరీక్ష హాల్లో ఇందుమతి తమ ప్రతినీ, అప్పలనర్సయ్య పంపిన ప్రతినీ, వాటి ముద్రలనూ అధికారుల ముందు పెట్టింది. సాగరం ఇంజనీరు భార్గవ వాటిని తనే సరిచూసి, పాటంతా విన్నాడు.

"చెత్త అనుకుని మనిషినే తుడిచేశాం," అని ఒప్పుకున్నాడు. స్వరతులకు కొలతగా ఆ అసలు ప్రతినే ఎక్కించాడు. తన్మయి పాడింది. ఊపిరి కావలసిన చోట తీసుకుంది, బెదరలేదు. ఆ ఏడు మొదటి స్థానం ఆమెదే.

పాట ఉన్నదున్నట్టుగా సాగరంలోకి వెళ్ళింది. ఫిర్యాదులు ముంచెత్తుతాయని సంస్థ ఎదురుచూసింది. అవి రాలేదు. కానీ సాయంత్రాలు కర్ణికలు పెట్టుకునేవాళ్ళు రోజురోజుకీ తగ్గారు. యంత్రాలేమైనా చెడిపోయాయేమోనని భార్గవ ఒక కాలనీకి వెళ్ళి, మొదటి ఇంటి తలుపు తట్టాడు.

ఒకాయన తలుపు తీశాడు. భుజం మీద పసిపాప. పెదవుల మీద జోలపాట. శ్రుతి అటూ ఇటూ పోతోంది. వచ్చిన మనిషిని చూసినా ఆయన పాట ఆపలేదు, లోపలికి రమ్మని తల ఊపాడు. పాప నిద్రపోతోంది. భార్గవ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, ఆ పాట అయ్యేదాకా కూర్చున్నాడు.