దుప్పటికి రెండో కొస

నా మొదటి ఉద్యోగం ఒక పెద్ద హోటలు కింద, నేలమాళిగలో. బట్టలు ఉతికే గది. కిటికీ లేదు. ఎప్పుడు చూసినా ఆవిరి, సబ్బు వాసన. పక్కన బాయిలరు, భోంచేసి పడుకున్న ముసలాయనలా గురక పెడుతూ ఉండేది.

దుప్పట్లు ఇద్దరు కలిసి మడవాలి. ఎదురెదురుగా నిలబడి చెరో కొసా పట్టుకుంటాం. మధ్యలో దుప్పటి తెరలా లేస్తే అవతలి మనిషి కనపడదు. అందుకని ముందు "కొసా?" అని పిలవాలి. "పట్టా" అని పలికితేనే లాగాలి.

"పలక్కపోతే వదిలేసి పైకొచ్చెయ్యవే పిల్లా," అంది మొదటిరోజే పెద్దక్క. అక్కడ అందరికంటే పాత మనిషి.

"ఎందుకక్కా?"

"నీకు ముందున్న పిల్ల, జీతాలకి ఇంకో రోజుందనగా ఆ బాయిలరు ఆవిరికి కాలి చచ్చిపోయింది. వాళ్ళమ్మ వచ్చి జీతం కవరు అడిగితే, మనిషే లేదు కవరెందుకన్నాడు మన మేస్త్రీ."

ఇంట్లో మా అన్నది ఒకటే పాట. "నెల తిరిగేసరికి జీతం నా కళ్ళ ముందుండాలి. లేదా, మళ్ళీ గడప దాటావో చూడు!"

జీతాల సాయంత్రం పైన తన గదిలో మేస్త్రీ కవరు చేతిలో పెట్టాడు. కోడిపిల్లంత వెచ్చగా అనిపించింది నాకు. బొడ్లో దోపుకున్నాను.

"మిగిలిన దుప్పట్లు మడిచి పో," అన్నాడు.

"నువ్వు పదవే, వెనకే వస్తా," అంది పెద్దక్క.

ఆ సంతోషంలో పిలవడమే మర్చిపోయాను. ఆవిరిలో దుప్పటి విదిలించాను. అవతలి కొస బిగిసింది.

"వచ్చావా అక్కా? ఇవాళ మా అన్న మొహం చూడాలి..."

పలకలేదు.

మడత వెయ్యాలంటే ఇద్దరూ ఓ అడుగు ముందుకెయ్యాలి. వేశాం. గుడ్డ మాడుతున్న వాసన. ఇంకో మడత. ఇంకో అడుగు. బాయిలరు గురక ఆగిపోయింది... ఈ మడతకి చేతులు కలవాలి.

కలిశాయి. ఆ వేళ్ళ మీది చర్మం... తడి కాగితంలా జారింది.

అప్పుడు మెట్ల పైనుంచి పెద్దక్క గొంతు. "వస్తున్నానే పిల్లా, కాస్త ఆగు!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"కవరు..." తెర అవతల గుసగుస. "కవరియ్యి..."

బొడ్లో కవరు మీద చెయ్యేసుకున్నాను. భయం ఎటుపోయిందో, ఒళ్ళు మండింది. ఆ మాటలు నా నోట ఎలా వచ్చాయో ఇప్పటికీ ఆశ్చర్యమే.

"ఇది నాదమ్మా. ఇది నీకిస్తే రేపట్నుంచి ఆ ఇంట్లో నేనూ శవాన్నే. నీది ఎవరు మింగారో నీకు తెలీదూ? పద, వాణ్ణే అడుగుదాం."

కొస వదల్లేదు. దుప్పటి ఈడ్చుకుంటూ మెట్లెక్కాను. వెనక బరువు... మెట్టుమెట్టుకీ వస్తోంది. పెద్దక్క గోడకి అతుక్కుపోయి దారిచ్చింది. నేను వెనక్కి తిరగలేదు.

మేస్త్రీ తలెత్తాడు. నన్ను కాదు, నా వెనక చూశాడు.

"ఈ పిల్ల కవరిచ్చెయ్యండి," అన్నాను.

సొరుగు లాగి, మాసిన కవరొకటి తీసి, దుప్పటి మీద పెట్టాడు. దుప్పటి ఒక్కసారిగా తేలికైపోయింది. కవరు లేదు.

నా కవరు చూసి అన్న కిక్కురుమనలేదు. ముప్ఫై ఏళ్ళు ఉద్యోగానికి గడప దాటుతూనే ఉన్నాను.

నిన్న సాయంత్రం డాబా మీద ఆరిన దుప్పటి తీసి, అలవాటుకొద్దీ "కొసా?" అన్నాను.

"పట్టా," అని మనవరాలి గొంతు.

ఒక మడత. ఒక అడుగు.

కింద వంటింట్లోంచి మనవరాలి కేక. "నానమ్మా, పిలిచావా?"

ఈసారి మాడు వాసన కాదు. ఇంజను నూనె వాసన, తుప్పు వాసన. నేను కొస వదల్లేదు.

"నీ మేస్త్రీ ఎవరమ్మా?" అనడిగాను.

మెల్లగా వంగి దుప్పటి కిందినుంచి చూశాను. పాదాలు...

ఒక జత కాదు. డాబా చివరిదాకా, జీతాల రోజు కవర్ల కోసం నిలబడ్డట్టు, వరసలో.