డేగలవాణ్ణి పెళ్ళాడిన రాణి

తెల్లవారేసరికి మసీదు వాకిట్లో ముల్లా నియాజ్ శవం పడి ఉంది.

గొంతు కోసేశారు. నెత్తుటి మడుగులో ఒక తోలు తొడుగు. డేగను మోసేవాళ్ళు చేతికి వేసుకునేది.

కిందటి వారమే ఆ ముల్లా రాణి బెర్మెత్‌కు నిఖా చదివాడు. మగడు పోతే మరిదిని కట్టుకోవడం మా ఆలై లోయ ఆచారం. ఆమె మరిది షిర్మత్‌ను కాదంది. డేగలవాడు కుబాత్‌ను చేసుకుంది.

కోట ముంగిట్లో రాణి ఎదుట లోయ సర్దారులు, బేగులంతా చేరారు. కుబాత్ చేతులకు తాళ్ళు. కోట కాపలా, నేరాల విచారణ చూసే దరోగా సగిన్ ఆ తొడుగును తివాచీ మీద పడేశాడు.

"ఎవరు చూశారు?"

"నేను," అన్నాడు షిర్మత్. "బలవంతపు నిఖా అని ముల్లా మాకు చెప్పబోయాడు. అందుకే వీడు చంపాడు. గోడ దూకుతుంటే ఈ తొడుగు ఊడిపడింది."

"నడుం నుంచా?"

"చేతి నుంచి."

"సరిగ్గా చూశావా?"

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా? కళ్ళారా చూశాను!"

"కట్లు విప్పండి. కుబాత్, నీ పిట్టను పిలు."

కుబాత్ తన పాత తొడుగు ఎక్కించుకుని ఈల వేశాడు. బురుజు మీది డేగ రివ్వున వచ్చి అతని కుడిచేతి మీద వాలింది.

"మన లోయలో డేగను మోసేది కుడిచేత్తోనే," అన్నాడు సగిన్. "ఈ తొడుగు బొటనవేలు చూడండి. ఇది ఎడమచేతిది. అందరూ నెత్తురే చూశారు. ఊడిపడటం చూశానన్నవాడే దీన్ని అక్కడ పడేశాడు."

షిర్మత్ పకపకా నవ్వాడు.

"అవును, నేనే! ముల్లా పోతే నిఖా చెల్లదనుకున్నా. అయితే ఏం? మా వదిన పెళ్ళి ఒప్పుకున్నవాడు ఇక్కడ ఒక్కడున్నాడేమో అడుగు!"

భటులు అతన్ని ఈడ్చుకుపోయారు.

ముసలి బేగు ఒరుజ్‌బాయి గొంతు సవరించుకున్నాడు. "వాడికి ఉరి తప్పదు తల్లీ. కానీ డేగలవాడి ముందు మేం తల వంచలేం. వీణ్ణి వదిలెయ్. గద్దె నీదే."

"కోకందు సేన మన మీదికి దండెత్తి వచ్చినప్పుడు ఈ గోడ మీద నిలబడింది ఎవరు, పెద్దాయనా?"

"నువ్వే."

"అప్పుడు నేనెవరి పెళ్ళాన్నని అడగలేదే?"

రాణి రాజముద్ర తీసి తివాచీ మీదికి విసిరింది.

"గద్దె మీరు తీసుకోండి. మొగుణ్ణి నేను తీసుకెళ్తున్నా."

ఇద్దరూ గుర్రాలెక్కారు. కోట తలుపులు మూయమని బేగులు అరిచారు. దరోగా వినిపించుకోలేదు. వాళ్ళు కనుమ దాటేదాకా తలుపు రెక్క పట్టుకుని నిలబడే ఉన్నాడు.